పదవి వదలడం తెలిసిన నాయకుడు: శ్రీ నీలం సంజీవరెడ్డి

నంద్యాల లోక్‌సభ నియోజకవర్గానికి ఒక అరుదైన గౌరవం దక్కింది. 1991లో శ్రీ పి.వి. నరసింహారావు గారు ప్రధానమంత్రి అయిన పిదప ఉప ఎన్నికలో ఇక్కడి నుండే లోక్‌సభలో అడుగుపెట్టారు. అంతకు 14 ఏళ్ల ముందు, 1977 మార్చిలో, ఇదే స్థానం నుండి గెలిచిన శ్రీ నీలం సంజీవరెడ్డి గారు నాలుగు నెలలు గడిచేసరికి రాష్ట్రపతి అయ్యారు. నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల పల్లెల్లో ఆనాడు ఓటు వేసిన పెద్దలు కొందరు ఇంకా మన మధ్య ఉన్నారు. వారి మనుమలకు మాత్రం ఆయన పేరు శ్రీశైలం జలాశయానికి పెట్టిన పేరుగానే తెలుసు. నీలం సంజీవరెడ్డి సాగర్ అంటే పేపర్లో నీటిమట్టం చూసుకునే మాట. ఆ పేరుగల మనిషి ఎవరు, ఏం చేశారు, ఎక్కడ పొరపడ్డారు అన్నది తెలుసుకోవడం మన కుటుంబాలకు మంచిది. ఎందుకంటే ఆయన జీవితంలోని ఒక ముఖ్య ఘట్టం మన ఉమ్మడి కర్నూలు జిల్లా రోడ్ల మీదనే జరిగింది.

ఇల్లూరు నుండి అమరావతి జైలు దాకా

సంజీవరెడ్డి గారు 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించారు. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం వారి ఉన్నత పాఠశాలలోనూ, ఆ పిమ్మట అనంతపురం ప్రభుత్వ కళాశాలలోనూ చదివారు. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చి వెళ్లిన తరువాత ఆ యువకుని మనసు చదువు మీద నిలువలేదు. 1931లో కళాశాల విడిచి స్వాతంత్ర్య పోరాటంలో దిగారు. 1938లో, అంటే 25 ఏళ్ల వయసుకే, ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ కార్యదర్శి అయ్యారు. ఆ బాధ్యతను పదేళ్లు మోశారు.

1940 నుండి 1945 వరకు ఆయన జీవితం చాలావరకు జైళ్లలోనే గడిచింది. 1942 మార్చిలో విడుదలై, ఆగస్టులో మళ్లీ అరెస్టయ్యారు. నేటి మహారాష్ట్రలో ఉన్న అమరావతి జైలులో ఆయనతోబాటు ఉన్నవారి పేర్లు గమనించండి: శ్రీ టంగుటూరి ప్రకాశం, శ్రీ సత్యమూర్తి, శ్రీ కామరాజ్, శ్రీ వి.వి. గిరి. ఒకే గోడల మధ్య ఒకే కష్టం పంచుకున్న ఈ సహచరులలో ఒకరు ఆయనకు మొదటి పెద్ద పదవినిచ్చారు, మరొకరు దేశంలోకెల్లా పెద్ద పదవికి నిలబెట్టారు, ఇంకొకరు ఆ పదవికే పోటీపడి ఆయనను ఓడించారు.

1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. 1947లో రాజ్యాంగ పరిషత్ సభ్యులయ్యారు. 1949 నుండి 1951 వరకు మద్రాసు ప్రభుత్వంలో మద్యనిషేధం, గృహనిర్మాణం, అడవుల శాఖల మంత్రిగా పనిచేశారు. 1951లో మంత్రి పదవికి రాజీనామా చేసి ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీ చేసి, ఆచార్య ఎన్.జి. రంగా గారిని ఓడించారు. ఇది మొదటి రాజీనామా. ఇక్కడి నుండి లెక్కపెట్టడం మొదలుపెడితే ఆయన జీవితకథంతా రాజీనామాల వరుసలాగానే కనిపిస్తుంది. అయితే అన్ని రాజీనామాలూ త్యాగాలు కావు. కొన్ని మెట్టు ఎక్కడానికి చేసినవి, ఒకటి రెండు మాత్రం మనస్సాక్షికి కట్టుబడి చేసినవి. ఈ తేడా తెలుసుకోవడమే ఈ వారం మన పని.

తొలి సార్వత్రిక ఎన్నికల్లో అనంతపురంలో ఆయన ఓడిపోయారు. ఓడించినది స్వయానా బావమరిది, కమ్యూనిస్టు నాయకుడు శ్రీ తరిమెల నాగిరెడ్డి. ఒకే ఇంటి బంధువులు రెండు సిద్ధాంతాల తరఫున నిలబడి ప్రజల తీర్పు కోరిన రోజులవి. 1952లో సంజీవరెడ్డి గారు రాజ్యసభకు వెళ్లారు.

గుడారాల రాజధానిలో

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. కర్నూలు రాజధాని అయ్యింది. భవనాలు చాలక ప్రభుత్వ కార్యాలయాలు గుడారాల్లో నడిచాయి. ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి గారు ఉపముఖ్యమంత్రి. 1955 ఎన్నికల తరువాత శ్రీ బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలోనూ అదే పదవిలో కొనసాగారు. 1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఆయనకు 43 ఏళ్లు.

ఇక్కడ ఒక లోపాన్ని దాచకూడదు. రెండు ప్రాంతాలు కలవడానికి ముందు, 1956 ఫిబ్రవరిలో, ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతం వారు కావాలన్నది అందులోని ఒక షరతు. ఆ ఒప్పందంపై సంతకం చేసిన వారిలో సంజీవరెడ్డి గారు ఒకరు. తీరా తమ తొలి మంత్రివర్గంలో ఆయన ఆ పదవినే ఉంచలేదు. ఇచ్చిన మాట చిన్నదే కావచ్చు. కాని కొత్తగా కలిసిన సంసారంలో మొదటి రోజున తప్పిన చిన్న మాట ఎంతకాలం గుర్తుంటుందో పెళ్లయిన వారందరికీ తెలుసు. 1969లోనూ, ఆ తరువాతా, 2014లో తెలంగాణ వేరుపడేదాకా, ఒప్పంద ఉల్లంఘనల జాబితాలో ఈ ముచ్చట మొదటి వరుసలో నిలిచింది.

ఊరికి అధికారం

ముఖ్యమంత్రిగా ఆయన చేసిన పనుల్లో పల్లెలకు దగ్గరగా వచ్చినది పంచాయతీరాజ్. శ్రీ బల్వంతరాయ్ మెహతా కమిటీ సిఫారసుల మేరకు మూడంచెల వ్యవస్థను దేశంలో ముందుగా రాజస్థాన్, ఆ వెంటనే ఆంధ్రప్రదేశ్ చేపట్టాయి. 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో ప్రధాని నెహ్రూ గారు దీనిని ప్రారంభించారు. గ్రామంలో పంచాయతీ, దానిపైన పంచాయతీ సమితి, జిల్లాకు జిల్లా పరిషత్తు. బడి, రోడ్డు, బావి, ఎరువు వంటి విషయాల్లో కలెక్టరు కచేరీ వైపు చూసే ఊళ్లకు తమ మనుషులే నిర్ణయించుకునే హక్కు వచ్చింది. 1986 తరువాత సమితుల స్థానంలో మండలాలు వచ్చాయి గాని, నేడు మన ఊళ్లలో జరిగే స్థానిక ఎన్నికలకు మూలం అక్కడే ఉంది.

ఈ వ్యవస్థలో ఒక బలహీనత కూడా మొదటి నుండే ఉంది. సమితి అధ్యక్షుణ్ణి ప్రజలందరూ నేరుగా ఎన్నుకోరు. సర్పంచులు తదితర సభ్యులు కలిసి ఎన్నుకుంటారు. ఓటర్లు కొద్దిమందే కాబట్టి వారిని భయపెట్టడం, కొనడం, ఎన్నిక ముగిసేదాకా క్యాంపుల్లో దాచడం సులభమయ్యింది. రాయలసీమ పల్లెల్లో అప్పటికే ఉన్న వర్గ కక్షలకు సర్పంచు పదవి, సమితి పదవి కొత్త ఆహారమయ్యాయి. అధికారాన్ని కిందికి పంపడం మంచి సంకల్పమే. కాని కింద ఉన్నవాడు బలవంతుడికి భయపడకుండా నిలబడగలిగితేనే ఆ సంకల్పం ఫలిస్తుంది. చట్టం హక్కునిస్తుంది, ధైర్యాన్ని మాత్రం ఇవ్వలేదు.

1960 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి పదవి విడిచి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. బెంగుళూరు, భావనగర్, పాట్నా మహాసభలకు అధ్యక్షత వహించారు. ఆయన స్థానంలో మన కర్నూలు దగ్గరి పెదపాడులో పుట్టిన శ్రీ దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో దళిత వర్గం నుండి ముఖ్యమంత్రి అయిన మొదటి వ్యక్తి ఆయనే. 1962 ఎన్నికల్లో సంజీవరెడ్డి గారు నేటి నంద్యాల జిల్లాలో ఉన్న డోన్ నియోజకవర్గం నుండి శాసనసభకు గెలిచి, మార్చి 12న రెండవసారి ముఖ్యమంత్రి అయ్యారు. 1963 జులైలో శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూ గారు శంకుస్థాపన చేసినది ఈ కాలంలోనే. ఆ జలాశయం నిండినప్పుడు వందకు పైగా గ్రామాలు నీటిలో మునిగాయి. మన పొలాలకు పారే నీరు ఎవరి ఇంటి మీదుగా వచ్చిందో మరువరాదు.

కర్నూలు బస్సుల కేసు

ఆ రోజుల్లో జిల్లా రోడ్ల మీద తిరిగేవి ప్రైవేటు బస్సులు. ఒక్కొక్క రూటుకు ఒక్కొక్క యజమాని, చేతిలో పర్మిటు. 1958 జనవరిలో రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడ్డాక ప్రభుత్వం జిల్లాల వారీగా రూట్లను జాతీయం చేయసాగింది. ఏ జిల్లా తరువాత ఏ జిల్లా అన్న వరుస కూడా ముందే అనుకున్నారు. ఆ వరుసను మార్చి కర్నూలు జిల్లాను ముందుకు తెచ్చారు.

ఇక్కడి బస్సు యజమానులు కోర్టుకెక్కారు. ముఖ్యమంత్రికి తాము రాజకీయంగా ఎదురు నిలిచినందుననే, తమను దెబ్బతీయడానికే ఈ వరుస మారిందని వారి ఆరోపణ. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1964 మొదట్లో న్యాయస్థానం బస్సు యజమానుల పక్షాన తీర్పు చెప్పింది. కోర్టును కదిలించిన విషయం ఒకటుంది. వారు ప్రమాణపత్రంలో అంత స్పష్టంగా ఆరోపణ చేసినప్పుడు, అది నిజం కాదని ముఖ్యమంత్రి స్వయంగా ప్రమాణపత్రం దాఖలు చేయలేదు. సంగతి తెలిసిన ఒకే ఒక వ్యక్తి మౌనంగా ఉన్నప్పుడు ఆ ఆరోపణను నమ్మక తప్పదన్నది న్యాయమూర్తుల తర్కం. ఆ జాతీయీకరణ పథకాన్ని కొట్టివేశారు.

మన సెమినరీలలో నీతిశాస్త్రం చదివే వారికి మొదట నేర్పే పాఠం ఒకటుంది. ఒక పని మంచిదా కాదా అని చెప్పాలంటే మూడింటిని చూడాలి: చేసిన పని, చేసిన ఉద్దేశం, చేసిన సందర్భం. మూడింటిలో ఏ ఒక్కటి చెడినా పని చెడినట్టే. బస్సులను ప్రభుత్వం నడపడం చెడ్డ పని కాదు. లాభం రాని పల్లెలకు కూడా బస్సు వెళ్లాలంటే అదొక మార్గం. ఆళ్లగడ్డ నుండి నల్లమల అంచు గ్రామాలకు ఎర్రబస్సు వెళ్లిందంటే ఆ జాతీయీకరణ వల్లనే. కాని అదే పనిని ఎదుటివాని మీద కసి తీర్చుకోవడానికి వాడితే దాని రంగు మారిపోతుంది. సుప్రీంకోర్టు న్యాయశాస్త్రం భాషలో చెప్పినది ఈ పాత పాఠమే.

తీర్పులో ముఖ్యమంత్రి పదవి విడిచిపెట్టమని ఎవరూ ఆదేశించలేదు. పునఃపరిశీలన కోరవచ్చు, అధికారుల మీదికి నెట్టవచ్చు, శాసనసభలో బలం ఉంది కాబట్టి నిబ్బరంగా కూర్చోవచ్చు. ఆయన అవేవీ చేయలేదు. కొద్ది వారాలకే, 1964 ఫిబ్రవరిలో, నైతిక బాధ్యత వహించి రాజీనామా చేశారు. శ్రీ కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

ఈ రాజీనామాను ఎలా అంచనా వేయాలి? పొగడాలనుకునేవారు ఆ త్యాగాన్ని మాత్రమే చెబుతారు. నిందించాలనుకునేవారు, జూన్ నెలకల్లా ఆయన శాస్త్రి గారి మంత్రివర్గంలో ఉక్కు, గనుల మంత్రి అయ్యారు కదా, పోయిందేమిటి అంటారు. రెండూ నిజాలే. తప్పు జరిగిందన్నది నిజం. కోర్టు అడిగినప్పుడు జవాబు చెప్పకపోవడం ఆ తప్పును రెట్టింపు చేసింది. కాని తీర్పు వచ్చాక దానికి తల వంచడం కూడా నిజమే. ఆ తరువాతి దశాబ్దాల్లో ఇంతకంటె ఘాటైన తీర్పులు వచ్చినా కుర్చీ కదలని నాయకులను చూశాం గనుక, 1964 నాటి ఆ సంతకానికి విలువ పెరిగింది.

సభాపతి పీఠం

1966 జనవరి నుండి శ్రీమతి ఇందిరా గాంధీ మంత్రివర్గంలో రవాణా, పౌర విమానయానం, నౌకాయానం, పర్యాటక శాఖలు చూశారు. 1967లో హిందూపురం నుండి లోక్‌సభకు ఎన్నికై, మార్చి 17న స్పీకర్ అయ్యారు. ఆ ఎన్నికలో ప్రతిపక్షాల అభ్యర్థి మన తెలుగువారే, శ్రీ తెన్నేటి విశ్వనాథం.

స్పీకర్ అయిన వెంటనే ఆయన కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. మూడు దశాబ్దాలకు పైబడిన అనుబంధం అది. అలా చేసిన మొదటి స్పీకర్ ఆయనే. సభలో తగవు తీర్చేవాడు ఏ పక్షం వాడూ కాకూడదన్నది ఆయన నమ్మిక. మాటతో సరిపెట్టలేదు. రాష్ట్రపతి ఉభయ సభలనుద్దేశించి ప్రసంగించిన రోజునే ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానాన్ని చర్చకు అనుమతించారు. షెడ్యూల్డు కులాలు, తెగల సంక్షేమం కోసం పార్లమెంటరీ సంఘం ఆయన కాలంలో ఏర్పడింది.

ఆ రోజుల్లో ఒక కేసు కూడా చెప్పుకోదగ్గది. 1969లో అస్పృశ్యతను సమర్థిస్తూ పూరీ శంకరాచార్యులు చేసిన వ్యాఖ్యలపై లోక్‌సభలో తీవ్రమైన చర్చ జరిగింది. ఆయన అనుయాయులు కొందరు స్పీకర్ మీద, మాట్లాడిన సభ్యుల మీద పరువు నష్టం దావా వేశారు. పార్లమెంటులో సభ్యుడు పలికిన మాటకు ఏ కోర్టులోనూ జవాబుదారీ ఉండదని 1970లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. దళితుని గౌరవం గురించి సభలో నిర్భయంగా మాట్లాడే స్వేచ్ఛ ఆ తీర్పుతో స్థిరపడింది. ఈ కేసులో మొదటి ప్రతివాది పేరు సంజీవరెడ్డి.

ఉదారవాది అన్న మాట ఆయనకు ఇక్కడే బాగా నప్పుతుంది. ఆయన గొప్ప సిద్ధాంతకర్త కాడు. పార్టీ యంత్రాన్ని నడపడంలో ఆరితేరినవాడు. అయితే ఎదుటి పక్షానికి మాట్లాడే సమయం ఇవ్వాలని, సభ, కోర్టు, ఎన్నిక అనేవి ఎవరి సొంత ఆస్తీ కావని ఆయన నమ్మారు.

అంతరాత్మ ప్రబోధం

1969 మే 3న రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే మరణించారు. కాంగ్రెస్‌లో కామరాజ్, నిజలింగప్ప వంటి పెద్దల వర్గం సంజీవరెడ్డి గారిని అభ్యర్థిగా నిర్ణయించింది. శ్రీమతి గాంధీ బెంగుళూరు సమావేశంలో శ్రీ జగ్‌జీవన్ రామ్ పేరు సూచించి, నెగ్గలేకపోయారు. ఆ తరువాత సంజీవరెడ్డి గారి నామినేషన్‌ను తామే ప్రతిపాదించారు. ఆయన జులై 19న స్పీకర్ పదవికి రాజీనామా చేశారు. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న శ్రీ వి.వి. గిరి స్వతంత్ర అభ్యర్థిగా నిలిచారు. అమరావతి జైలు నాటి మిత్రులు ఇప్పుడు ఎదురెదురు.

రెండవ ప్రాధాన్య ఓట్ల కోసం నిజలింగప్ప గారు జనసంఘ్, స్వతంత్ర పార్టీ నాయకులను కలిశారు. దానిని కారణంగా చూపి, సభ్యులు అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయాలని ప్రధాని పిలుపునిచ్చారు. ఆ మాట అప్పటి నుండి తెలుగు పత్రికలకు ఎంతో ఇష్టమైన మాట అయ్యింది. ఆగస్టు 20న ఫలితం వెలువడింది. మొదటి లెక్కలో ఎవరికీ కావలసిన ఆధిక్యత రాలేదు. మిగిలిన ప్రాధాన్యతలు కలిపి చూస్తే గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427. తేడా 15 వేలకు లోపే. ఆ ఏడాది చివరకు కాంగ్రెస్ రెండుగా చీలిపోయింది.

అంతరాత్మ గురించి తల్లి శ్రీసభ మనకు చిన్ననాటి నుండి నేర్పుతుంది గనుక ఇక్కడ ఒక్కక్షణం ఆగుదాం. అంతరాత్మ అంటే నాకు నచ్చినది చేయడం కాదు. నాయకుడు చెప్పినప్పుడు మేల్కొని, చెప్పనప్పుడు నిద్రపోయేది అసలే కాదు. ఎవరూ చూడనప్పుడు, తనకు నష్టమని తెలిసినప్పుడు కూడా మంచివైపు నడిపేది అంతరాత్మ. ఆనాడు ఓటు వేసిన వారిలో నిజంగా అంతరాత్మను విన్నవారు ఉండవచ్చు. గాలి ఎటు వీస్తుందో చూసి వేసినవారూ ఉండవచ్చు. ఎవరు ఎలాంటివారో తీర్పు చెప్పడం మన పని కాదు. ఓడిన మనిషి మాత్రం ఆ ఓటమిని మౌనంగా భరించారు.

1971 ఎన్నికల్లోనూ ఓడిపోయి ఆయన ఇల్లూరు చేరారు. వ్యవసాయం చేసుకున్నారు. ముఖ్యమంత్రిగా, స్పీకర్‌గా పనిచేసిన మనిషి, 60 ఏళ్లకు దగ్గరవుతుండగా, వేరుశెనగ పండే ఆ మెట్టసీమలో మళ్లీ రైతు అయ్యాడు.

నంద్యాల ఇచ్చిన తీర్పు

1975 మే 1న హైదరాబాదు బహిరంగ సభలో శ్రీ జయప్రకాశ్ నారాయణ్ గారితో కలిసి మళ్లీ వేదిక ఎక్కారు. జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. 1977 మార్చిలో ఎన్నికలు జరిగినప్పుడు ఆయన జనతా పార్టీ అభ్యర్థిగా నంద్యాలను ఎంచుకున్నారు. ప్రత్యర్థి సామాన్యుడు కాడు. సంజామలకు చెందిన శ్రీ పెండేకంటి వెంకటసుబ్బయ్య 1957 నుండి పార్లమెంటు సభ్యులు. తరువాత కేంద్ర మంత్రిగా, బీహారు, కర్ణాటక గవర్నరుగా పనిచేసిన పెద్దమనిషి.

ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. మన రాష్ట్రంలో గాలి దానికి పూర్తిగా వ్యతిరేకం. 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిచింది. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. కేసీ కాలువ కింది వరి పొలాల రైతులు, ఆళ్లగడ్డ రాళ్లు చెక్కే కార్మికులు, నల్లమల అంచు గొర్రెల కాపరులు రాష్ట్రమంతా ఒకవైపు ఉంటే తాము మరొకవైపు ఓటు వేశారు. అభ్యర్థిని చూసి వేశారో, ఎమర్జెన్సీని తలచి వేశారో, ఊరి వర్గాల లెక్కలో వేశారో ఒక్క మాటలో చెప్పలేం. ఓటుకు ఎప్పుడూ ఒకే కారణం ఉండదు. ఫలితం మాత్రం దేశం గుర్తుంచుకున్నది.

మార్చి 26న ఆయన రెండవసారి స్పీకర్ అయ్యారు, ఈసారి ఏకగ్రీవంగా. జులై 13న ఆ పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి పదవికి నిలిచారు. 37 మంది నామినేషన్లు వేయగా 36 చెల్లలేదు. ఎనిమిదేళ్ల క్రితం 15 వేల ఓట్ల లోపు తేడాతో చేజారిన పదవి ఇప్పుడు పోటీ లేకుండా దక్కింది. 1977 జులై 25న ప్రమాణ స్వీకారం చేశారు. అప్పటికి 64 ఏళ్లు. 2022లో శ్రీమతి ద్రౌపది ముర్ము వచ్చేదాకా అతి పిన్న వయసు రాష్ట్రపతి ఆయనే. పేద దేశంలో తనకింత జీతమెందుకని అందులో చాలా భాగం వదులుకున్నారు.

కఠినమైన ఆగస్టు

ఆయనను ఎన్నుకున్న జనతా ప్రభుత్వం రెండేళ్లకే కీచులాటల్లో పడింది. 1979 జులై 15న శ్రీ మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. రాష్ట్రపతి ముందుగా ప్రతిపక్ష నాయకుడు శ్రీ వై.బి. చవాన్‌ను పిలిచారు. ఆయన వల్ల కాలేదు. పిమ్మట మొరార్జీ, చరణ్ సింగ్ ఇద్దరినీ మద్దతుదారుల జాబితాలు అడిగి, సరిచూసి, చరణ్ సింగ్ గారిని ప్రధానిని చేశారు. ఆగస్టులో సభ విశ్వాసం పొందమన్నారు. సభ ఎదుటికి వెళ్లకుండానే ఆగస్టు 20న చరణ్ సింగ్ రాజీనామా చేసి, లోక్‌సభను రద్దు చేయమని సలహా ఇచ్చారు. తనకు అవకాశమివ్వాలని జగ్‌జీవన్ రామ్ గారు కోరుతున్నారు. ఆయన ప్రధాని అయితే దేశానికి తొలి దళిత ప్రధాని అయ్యేవారు. ఆగస్టు 22న రాష్ట్రపతి సభను రద్దు చేశారు.

సభను ఒక్కరోజు కూడా ఎదుర్కోని ప్రధాని సలహాను పాటించాలా? మరొకరికి అవకాశం ఇవ్వకుండా ఎన్నికలకు పోవచ్చునా? ఈ ప్రశ్నలపై రాజ్యాంగ నిపుణులు నేటికీ ఏకమాట మీద లేరు. ఫిరాయింపులతో కుళ్లిన సభ కంటె ప్రజల వద్దకు పోవడమే శుభ్రమన్నది ఒక వాదన. పక్షపాతం జరిగిందన్నది మరొక వాదన. స్పీకర్‌గా ప్రతిపక్షానికి మాట దక్కేలా చూసిన వ్యక్తి, ఇక్కడ ఒకరికి అవకాశమిచ్చి మరొకరికి నిరాకరించారన్న అసంతృప్తి మాత్రం చరిత్రలో మిగిలింది.

ఆ రద్దుతో మనకు సంబంధించిన ఒక విషయం కూడా ముగిసింది. 1978 డిసెంబరులో శ్రీ ఓం ప్రకాశ్ త్యాగి లోక్‌సభలో మత స్వేచ్ఛ పేరిట ప్రవేశపెట్టిన బిల్లు మతమార్పిడులను కట్టడి చేయడానికి ఉద్దేశించినది. దేశమంతటా క్రైస్తవులు ఆందోళన చెందారు. మదర్ తెరెసా గారు ప్రధానికి బహిరంగ లేఖ రాశారు. సభ రద్దు కావడంతో ఆ బిల్లు కూడా మురిగిపోయింది. దానికోసం సభను రద్దు చేయలేదు గాని, ఫలితం అది. మరుసటి ఏడాది, 1980లో, అదే మదర్ తెరెసా గారికి రాష్ట్రపతి సంజీవరెడ్డి గారు భారతరత్న అందజేశారు.

1980 జనవరిలో గెలిచి వచ్చిన శ్రీమతి ఇందిరా గాంధీ చేత ప్రధానిగా ప్రమాణం చేయించినవారూ ఆయనే. 1969లో తనను ఓడించిన వ్యక్తితో రెండున్నరేళ్లు పనిచేశారు. కసి తీర్చుకోవడానికి రాష్ట్రపతి పదవిని వాడుకోలేదు. 1964లో కర్నూలు బస్సుల విషయంలో న్యాయస్థానం ఎత్తిచూపిన దోషం ఏదో, దానికి తిరిగి తావివ్వలేదు. మనిషి మారవచ్చుననడానికి ఇంతకంటె మంచి రుజువు అక్కరలేదు.

1982 జులై 25న పదవీకాలం ముగించుకొని సొంత జిల్లాకు తిరిగి వచ్చారు. 1989లో ఆంగ్లంలో తన జ్ఞాపకాలు ప్రచురించారు. 1996 జూన్ 1న బెంగుళూరులో, 83 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మన ఇళ్లకు, మన ఊళ్లకు

రాష్ట్రపతి పదవి మనలో ఎవరికీ రాకపోవచ్చు. కాని వార్డు సభ్యులు, సర్పంచులు, పొదుపు సంఘం నాయకురాళ్లు, బడి కమిటీ పెద్దలు, విచారణ సలహా మండలి సభ్యులు మన కుటుంబాల్లోనే ఉన్నారు. చిన్న కుర్చీ అయినా పరీక్ష అదే. ఎదుటి వర్గం వీధికి కొళాయి వేయించే వంతు వచ్చినప్పుడు వరుస మార్చకుండా ఉండగలమా? లెక్క అడిగినప్పుడు, అడిగినవాడు శత్రువైనా సరే, నోరు తెరిచి జవాబు చెప్పగలమా? తప్పు తేలినప్పుడు ఎవరూ పొమ్మనక ముందే లేచి నిలబడగలమా?

ఓటు వేసేటప్పుడు నిలబడినవారిని కూడా ఈ ప్రశ్నలే అడగండి. మన నంద్యాల, ఆళ్లగడ్డ ఓటర్లు ఒకనాడు రాష్ట్రమంతా వీచిన గాలికి ఎదురు నిలిచినవారు. ఆ స్వతంత్ర బుద్ధి డబ్బుకు, భయానికి, కులానికి లొంగకుండా చూసుకోవడం ఇప్పుడు వారి బిడ్డల బాధ్యత.